స్టిక్కా, మిగ్గా? ముందు ఇనుము మందం చూడండి

వెల్డింగ్ నేర్చుకుందామని మనసుపడ్డవాళ్లు దుకాణానికి వెళ్లి మొదట అడిగేది ఒకటే: "స్టిక్ మెషిన్ మంచిదా, మిగ్ మెషిన్ మంచిదా?" దుకాణదారు దగ్గర సరుకు ఏది ఎక్కువుంటే జవాబు అటు మొగ్గుతుంది. మీరు తేల్చుకోవలసినవి వేరే రెండున్నాయి. అతకబోయే ఇనుము మందం ఎంత? పని ఆరుబయట గాలిలోనా, నాలుగు గోడల మధ్యనా? ఈ రెండూ తెలిస్తే ఏ మెషిన్ కావాలో దానంతట అదే తేలిపోతుంది.

గేటు బందు ఊడిందనుకుందాం. 5 మి.మీ. ఫ్లాట్ పట్టీ, 2 మి.మీ. పైపు, పైన పాత పెయింటు, దాని కింద తుప్పు. చేయవలసింది వీధివైపు నిలబడి. ఇది స్టిక్ పని, అంటే రాడ్డు పని. పాత కారులో కాళ్ల కింద రేకును తుప్పు తినేసి చిల్లు పడిందనుకుందాం. రేకు మందం 1 మి.మీ. లోపే. ఇది మిగ్ పని, అంటే తీగ పని. గేటు దగ్గరికి మిగ్ పట్టుకెళ్తే ఈదురుగాలి దాని గ్యాసును ఎత్తుకుపోతుంది. కారు రేకును రాడ్డుతో తాకితే ఉన్న చిల్లు ఇంకా పెద్దదవుతుంది. ఎంత నేర్పరికైనా ఇంతే. అందుకే పనిని చూడకుండా మెషిన్ కొనవద్దని ఈ అధ్యాయంలో పదేపదే చెబుతాను.

రెండింటిలోనూ వేడినిచ్చేది విద్యుత్ ఆర్కే. ఇనుము కరిగిన ఆ క్షణంలో గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ అందులో కలిస్తే అతుకు పెళుసుబారుతుంది, లోపల రంధ్రాలు పడతాయి. ఆ గాలిని దూరంగా ఉంచే పద్ధతిలోనే అసలు తేడా ఉంది. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బర్గ్ 20వ శతాబ్దం తొలి దశకంలో స్టిక్ పనికి వాడే ఇనుప రాడ్డుకు పూత వేశాడు. రాడ్డుతోపాటు ఆ పూత కూడా కాలి కొంత వాయువుగా, కొంత స్లాగ్ అనే పెంకుగా మారి కరిగిన ఇనుమును కప్పి కాపాడుతుంది. మిగ్‌లో పూత ఉండదు. చుట్టగా చుట్టిన సన్నటి తీగను మోటారు గన్‌లోకి నెడుతూ ఉంటుంది, పక్కనుంచి సిలిండర్ గ్యాసు వచ్చి గాలిని తోసేస్తుంది. ఈ పద్ధతి 1948లో అమెరికాలోని బ్యాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో అల్యూమినియం కోసం రూపుదిద్దుకుంది. అప్పుడు వాడిన ఆర్గాన్ గ్యాసు ఖరీదైనది కాబట్టి మామూలు ఇనుముకు దాన్ని వాడటం గిట్టుబాటయ్యేది కాదు. 1950లలో చవకైన కార్బన్ డయాక్సైడ్‌తో పని నడిపించవచ్చని తేలాకే మిగ్ ఇనుప పనుల్లో స్థిరపడింది. మన వర్క్‌షాపుల్లో దీన్ని సీఓటూ వెల్డింగ్ అనే పిలుస్తారు.

రాడ్డు పని

ఇంటి పనులకు స్టిక్ వెల్డింగ్‌ను మొదట నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. గేటు, కిటికీ గ్రిల్లు, మేడ మీద రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు స్టాండు, ట్రాక్టర్ ట్రాలీ డోరు, పశువుల పాక స్తంభాలు — మన ఇళ్ల చుట్టూ ఉండే ఇనుములో ఎక్కువ భాగం 2 మి.మీ. కన్నా మందంగా, ఆరుబయట, ఎంతో కొంత తుప్పుతో ఉంటుంది. ఈ మూడింటినీ ఓర్చుకునేది రాడ్డే. సిలిండర్ మోయనక్కర్లేదు. ఇప్పటి ఇన్వర్టర్ మెషిన్‌ను ఒంటి చేత్తో మేడ మీదికి తీసుకెళ్లవచ్చు. పాత రాగి చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ సెట్లను ఇద్దరు మోయాల్సి వచ్చేది.

రాడ్ల పేర్లకు భయపడనక్కర్లేదు. ఇంటి పనిలో నూటికి తొంభై పాళ్లు 6013 రాడ్డుతోనే గడిచిపోతుంది. ఆ సంఖ్యలో 60 అంటే అతుకు చదరపు అంగుళానికి కనీసం 60,000 పౌండ్ల లాగుడును తట్టుకోవాలని. తర్వాతి 1 అంటే పడుకోబెట్టి, నిలబెట్టి, తలమీద, ఏ దిశలోనైనా వాడవచ్చని. చివరి 3 పూత రకాన్ని చెబుతుంది. మనదేశంలో ఈ రాడ్లకు ఐఎస్ 814 ప్రమాణం ఉంది, కొనేటప్పుడు ప్యాకెట్ మీద చూడండి. దుకాణంలో మాత్రం సంఖ్యలకన్నా "పది నంబరు", "పన్నెండు నంబరు" అన్న మాటలే చెల్లుతాయి. పది నంబరంటే 3.15 మి.మీ. రాడ్డు, పన్నెండు నంబరంటే 2.5 మి.మీ. రాడ్డు. కొత్తవాళ్లు పన్నెండుతో మొదలుపెట్టాలి.

దానికి కారణం మీ ఇంటి ప్లగ్గులోనే ఉంది. 2.5 మి.మీ. రాడ్డు సుమారు 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య నడుస్తుంది. 80 ఆంపియర్ల దగ్గర ఆర్క్ మీద వోల్టేజీ 23 చిల్లర, అంటే ఆర్క్‌లో ఖర్చయ్యేది దాదాపు 1,850 వాట్లు. మెషిన్‌లో జరిగే నష్టం, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే గోడలోంచి లాగేది 12 నుంచి 14 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు దీన్ని మోస్తుంది. 3.15 రాడ్డుకు 120 ఆంపియర్లు పెట్టారా, గోడలోంచి 20 ఆంపియర్ల పైనే లాగుతుంది. ఎంసీబీ పడిపోతుంది, పడకపోతే ఇంకా ప్రమాదం, గోడలోని తీగ కాగుతుంది. లావు రాడ్డు వాడాలంటే ఎలక్ట్రీషియన్‌తో మీటరు దగ్గర్నుంచి వేరే లైను వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ వాడితే కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి తీగ ఉండాలి, చుట్టను పూర్తిగా విప్పి పరచాలి. చుట్టగా వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు.

కోస్తాలో ఉండేవాళ్లకు ఇంకొక మాట. వానకాలంలో తెరిచి ఉంచిన ప్యాకెట్‌లో రాడ్ల పూత తేమ పీలుస్తుంది. అలాంటి రాడ్డు పట్టుకుంటే ఆర్క్ నిలవదు, తుంపరలు ఎగురుతాయి, అతుకులో గాలి రంధ్రాలు కనిపిస్తాయి. తప్పు తన చేతిదేననుకుని నేర్చుకునేవాళ్లు నిరుత్సాహపడతారు. 6013 రాడ్లను 100 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటసేపు ఆరబెడితే కోలుకుంటాయి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే అసలు ఆ బాధే రాదు. 7018 రాడ్డు సంగతి వేరు. అది 6013 కన్నా బలమైన అతుకునిస్తుంది, బరువు మోసే చోట్ల వాడతారు. కానీ దాని పూతలోకి తేమ చేరితే హైడ్రోజన్ అతుకులోకి దిగి తర్వాతెప్పుడో పగుళ్లు తెస్తుంది. వాడేముందు సుమారు 300 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి. ఆ ఓవెన్ లేనివాళ్లు 7018 జోలికి పోకపోవడమే మంచిది.

చెయ్యి తిరగడానికి చూసుకోవలసినవి కొన్నే. రాడ్డు మొనకూ ఇనుముకూ మధ్య ఎడం రాడ్డు లావుకు మించకూడదు. రాడ్డు కాలుతూ పొట్టిదవుతుంటే చెయ్యి దాంతోపాటే కిందికి దిగాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు, పక్కకు జరుపుతారు గానీ కిందికి దించరు. రాడ్డును వెళ్లే దిక్కుకు 10, 15 డిగ్రీలు వంచి లాగుతూ పోవాలి. చూపు ఆర్క్ వెలుగు మీద కాదు, దాని వెనక కరిగి నిలిచిన ఇనుము మీద ఉండాలి. ఆ కరిగిన భాగం రెండు ముక్కల అంచులనూ తడుపుతోందా లేదా అన్నది చూడటమే వెల్డింగ్‌లో సగం విద్య. ఒక వరస పూర్తయ్యాక స్లాగ్‌ను సుత్తితో కొట్టి, వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకాకే పైవరస వేయాలి. గీకకుండా వేస్తే స్లాగ్ లోపల చిక్కుకుపోతుంది. పైకి కనపడదు గానీ అతుకు అక్కడే విరుగుతుంది.

స్టిక్ హద్దు పల్చటి పైపు దగ్గర వస్తుంది. చవకగా దొరికే 1.2 మి.మీ. చదరపు పైపులతో కుర్చీలు, ర్యాకులు చేయాలని చాలామంది మొదలుపెడతారు. అందులో రాడ్డుతో చిల్లులు పడకుండా నెగ్గడానికి చాలా అనుభవం కావాలి. హోల్డర్‌ను మైనస్‌కు, ఎర్త్‌ను ప్లస్‌కు మార్చి పెడితే 6013 తక్కువ లోతుకు దిగుతుంది. ఒకేసారి లాగకుండా చిన్న చిన్న ట్యాకులు, అంటే చుక్క అతుకులు, పెడుతూ, ప్రతిదాన్నీ చల్లారనిస్తూ పోతే 1.6 మి.మీ. పైపు వరకు నడుస్తుంది. నేర్చుకునే రోజుల్లో మీ పని కోసం 2 మి.మీ. పైపే కొనండి. కొన్న ఇనుముకు నాలుగు డబ్బులెక్కువైనా పని నిలబడుతుంది.

తీగ పని

మిగ్ గన్ చేతికొచ్చిన మొదటి గంటలోనే కొత్తవాడు చూడచక్కని గీత వేయగలడు. తీగ దానంతట అదే వస్తుంది, చెయ్యి దించనక్కర్లేదు, స్లాగ్ కొట్టే పని లేదు, రాడ్డు మార్చడానికి ఆగనక్కర్లేదు. 0.8 మి.మీ. తీగతో 0.8 మి.మీ. రేకు నుంచి 5 మి.మీ. పట్టీ దాకా అతకవచ్చు. బజ్జీలు వేగుతున్నట్టు సన్నగా, ఎడతెగకుండా చిటపటలాడితే వోల్టేజీ, తీగ వేగం కుదిరాయని లెక్క. టపటపమని కొడుతూ గన్‌ను వెనక్కి తంతుంటే తీగ వేగం ఎక్కువైంది. తీగ మొనలో గుండ్లు కట్టి గన్ టిప్‌కు అతుక్కుంటుంటే వేగం తక్కువైంది. ఈ చప్పుడును చెవికి అలవాటు చేసుకుంటే డయల్ మీద అంకెలతో పనిలేదు. మొదట్లో ఆధారం కావాలంటే, మందం మి.మీ.కి 40 ఆంపియర్ల లెక్కన మొదలుపెట్టి చప్పుడును బట్టి సవరించుకోండి.

ఇంత సుళువుగా ఉన్నందుకే మిగ్‌తో ఎక్కువ జాగ్రత్త కావాలి. తక్కువ కరెంటులో మిగ్ తీగ ఇనుమును తాకడం, కరిగి తెగడం, మళ్లీ తాకడం సెకనుకు పదుల సార్లు జరుగుతుంది. వేడి తక్కువ కాబట్టే పల్చటి రేకు చిల్లు పడదు. అదే వేడితో 6 మి.మీ. పట్టీ మీద గీత వేస్తే పట్టీ ఆ వేడిని లాగేసుకుంటుంది. తీగ కరిగి పట్టీ మీద కూర్చుంటుందే తప్ప పట్టీతో కలవదు. పైనుంచి చూస్తే ఏ లోపమూ కనపడదు. బరువు పడ్డ రోజున గీత గీతగానే ఊడి వస్తుంది. స్టిక్‌లో చెడ్డ అతుకు చాలావరకు పైకే వికారంగా కనిపించి హెచ్చరిస్తుంది. మిగ్‌లో చెడ్డ అతుకు కూడా అందంగా ఉండగలదు. కారు వెనక బంపర్ కింద లాగుడు కొక్కెం పెట్టాలన్నా, జాక్ స్టాండు తయారుచేయాలన్నా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ప్రాణాలు దక్కుతాయి. మందపాటి ముక్కల అంచులను ముందు గ్రైండర్‌తో ఏటవాలుగా కోయాలి, వాటికి సరిపడే కరెంటు పెట్టాలి. మెషిన్‌కు అంత శక్తి లేకపోతే మొహమాటపడకుండా రాడ్డుకు మారాలి.

మిగ్‌కు శుభ్రత కావాలి. పెయింటు, నూనె, తుప్పు, ఏదున్నా రంధ్రాలు పడతాయి. గ్రైండర్‌తో తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకాలి, ఎర్త్ క్లాంపు పెట్టే చోట కూడా. గ్యాసు విషయంలో ఇంటివాళ్లకు చవకగా దొరికేది కార్బన్ డయాక్సైడే. లోతుగా దిగుతుంది, తుంపరలు మాత్రం ఎక్కువ. ఆర్గాన్ 75, 80 శాతం కలిపిన మిశ్రమం ఖరీదెక్కువ గానీ పల్చటి రేకు మీద మెత్తగా నడుస్తుంది. సిలిండర్ ఎన్నాళ్లొస్తుందన్న లెక్క ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. కిలో కార్బన్ డయాక్సైడ్ మామూలు వేడిలో సుమారు 540 లీటర్ల వాయువు అవుతుంది. నిమిషానికి 10 లీటర్లు వదిలితే కిలోకు 50 నిమిషాల చిల్లర ఆర్క్ నడుస్తుంది. 10 కిలోల సిలిండర్ 9 గంటల ఆర్క్ ఇస్తుంది. కొలిచి, కోసి, బిగించి, ట్యాకులు పెట్టే సమయమంతా తీసేస్తే ఇంటి పనిలో 9 గంటల ఆర్క్ చాలా నెలలు వస్తుంది. వాల్వు గట్టిగా మూస్తేనే సుమా.

గాలి దగ్గర ఒక చిక్కుంది. ఫ్యాను వేస్తే గ్యాసు చెదిరిపోతుంది. తలుపులన్నీ బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ గదిలో నిండుతుంది, ఆర్క్ వేడికి అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది కూడా. తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలి, ఫ్యాను గాలి ఆర్క్ మీద కొట్టకూడదు. గది చిన్నదైతే పని వరండాలోకి మార్చి, గాలి వచ్చే వైపు ఒక రేకు అడ్డం పెట్టుకోండి.

గ్యాసు లేకుండా నడిచే ఫ్లక్స్ కోర్ తీగ కూడా దొరుకుతుంది. గొట్టంలాంటి ఆ తీగ లోపల పూత పదార్థం ఉంటుంది కాబట్టి ఆరుబయట పనికొస్తుంది. మామూలు తీగకు గన్ ప్లస్‌లో ఉంటుంది, గ్యాసు లేని ఈ తీగకు గన్‌ను మైనస్‌కు మార్చాలి. ఇది మార్చకుండా నడిపి, తుంపరలు చూసి తీగ మంచిది కాదనుకునేవాళ్లు ఎక్కువ. దీనికి స్లాగ్ ఉంటుంది, పొగ కూడా ఎక్కువే. ఉప్పుగాలి ఊళ్లలో ఏ తీగ చుట్టనైనా పని అయ్యాక తీసి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. తుప్పుపట్టిన తీగ తాను నడిచే లైనర్ గొట్టాన్ని పాడుచేస్తుంది.

బండి మీద చెయ్యి వేసేముందు

కారు బాడీ రేకు 0.7, 0.8 మి.మీ. ఉంటుంది. దాని మీద గీత లాగకూడదు. తుప్పుపట్టిన భాగాన్ని మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అంతే మందం రేకు ముక్కను కూర్చి, ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క ఎదురు మూలన పెడుతూ పోవాలి. చేత్తో తాకగలిగేంత చల్లారాకే తర్వాతి చుక్క. తొందరపడితే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది, ఆ మెలికను టింకరింగ్ షాపువాళ్లు కూడా సరిచేయలేకపోవచ్చు. నీళ్లు పోసి చల్లార్చవద్దు. టూవీలర్ శారీ గార్డు, క్రాష్ గార్డు, సైడ్ స్టాండు లాంటివి మందంగా ఉంటాయి కాబట్టి బండి మీంచి విప్పి 2.5 రాడ్డుతో అతకవచ్చు. సైలెన్సర్ పల్చన, పైగా లోపలినుంచి తుప్పు పట్టి ఉంటుంది. దానికి మిగ్ మేలు.

బండి మీదే పని చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. ఎర్త్ క్లాంపును అతుకుకు వీలైనంత దగ్గర పెట్టండి. దూరంగా ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా, తీగల గుండా దారి వెతుక్కుంటుంది, బండి కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోయే ప్రమాదం ఉంది. నూనె పోవడానికి బ్రేక్ క్లీనర్ చల్లే అలవాటు కొందరికుంది. క్లోరిన్ ఉన్న క్లీనర్ ఆవిరి ఆర్క్ వెలుగులో ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, దాంతో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి.

పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ పేలుతుంది. దాన్ని ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ చేయకూడదు, కడిగినా సరే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ సిలిండర్లున్న ఆటోలు, కార్ల మీద కూడా ఆర్క్ పెట్టవద్దు. చాలా ఎలక్ట్రిక్ బండ్లలో బ్యాటరీ బండి అడుగునే ఉంటుంది, వాటినీ వదిలేయండి. లారీ ఛాసిస్ పట్టాలు, స్టీరింగ్ కడ్డీలు, సస్పెన్షన్ ఆర్ములు, అల్లాయ్ చక్రాలు, బైకు ఫ్రేము — ఇవి మీవి కావు. కొత్త కార్లలో తలుపుల మధ్య స్తంభాలు, కింది సిల్లులు చాలావాటిలో అతిబలమైన ఉక్కుతో చేస్తారు. మామూలు ఇనుములా వాటిని వేడిచేస్తే ఆ బలం పోతుంది. అతుకు పట్టినట్టే ఉంటుంది, ప్రమాదం జరిగినప్పుడు స్తంభం లోపలివాళ్లను కాపాడదు. అలాంటి భాగాలను తయారీదారు చెప్పిన పద్ధతిలో, చెప్పిన చోట కోసి మార్చే వర్క్‌షాపుకే అప్పగించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లను చూస్తే ఎవరికైనా చేతులు ఉవ్విళ్లూరుతాయి. ఆ నైపుణ్యం ఏళ్ల తరబడి గురువు పక్కన నిలబడి సంపాదించినదని మరచిపోకండి.

కొనడం, కాపాడుకోవడం

గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు, తీగ కలిపి లెక్కేస్తే మిగ్ ఏర్పాటు స్టిక్ మెషిన్‌కు కనీసం రెండు మూడు రెట్లు ఖర్చు. ఇంటి పనులే మీ పనులైతే ఆ డబ్బు ఖర్చుపెట్టకండి. పాత జీపునో అంబాసిడర్‌నో బాగుచేసుకోవాలన్న కోరిక బలంగా ఉండి, చేయడానికి నీడపట్టు చోటుంటే అప్పుడు మిగ్ కొనండి. రెండూ చేసే మెషిన్లు కూడా వస్తున్నాయి. అందులో స్టిక్ భాగాన్ని ముందు వాడుతూ, చెయ్యి తిరిగాక సిలిండర్ తెచ్చుకోవడం తెలివైన దారి. మెషిన్ మీద 200 ఆంపియర్లని ఉంటే సరిపోదు, పక్కన డ్యూటీ సైకిల్ చూడండి. 60 శాతమంటే ఆ కరెంటు దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆర్క్ నడపాలి. అది 40 డిగ్రీల వాతావరణానికి కట్టిన లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో పనిచేసేవాళ్లు ఇంకా ఎక్కువ విశ్రాంతినివ్వాలి.

మెషిన్ కన్నా ముందు కొనవలసింది వెల్డింగ్ హెల్మెట్. 10 లేదా 11 నంబరు నల్ల అద్దం తప్పనిసరి, దానంతట అదే నల్లబడే హెల్మెట్ అయితే రెండు చేతులూ పనికి దక్కుతాయి. రోడ్డు పక్క షాపుల్లో కుర్రాళ్లు ఒక కన్ను మూసుకుని, ముఖం పక్కకు తిప్పి ట్యాకులు వేయడం మనమంతా చూశాం. ఆ కుర్రాళ్ల కళ్లను తలచుకుంటే బాధేస్తుంది. ఆర్క్ దెబ్బ అప్పుడే తెలియదు, కొన్ని గంటలకు, ఎక్కువగా అర్ధరాత్రి తెలుస్తుంది. కళ్లు మండుతాయి, నీళ్లు ధారగా కారతాయి, వెలుతురు చూడలేరు. బంగాళదుంప ముక్కలు పెట్టి ఊరుకోకుండా కంటి డాక్టర్‌ను కలవాలి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ ఇదే ముప్పు, వాళ్లను లోపలికి పంపేయండి.

జీఐ పైపులకు, జీఐ రేకులకు జింకు పూత ఉంటుంది. దాని తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాలు తాగితే ఏమీ కాదన్న నమ్మకం మన వెల్డర్లలో గట్టిగా ఉంది. పాలు పొగను ఆపలేవు. అతుకుకు అటూ ఇటూ పూతను గ్రైండర్‌తో తీసేసి, మాస్కు పెట్టుకుని, పొగకు పక్కన నిలబడి చేయండి.

స్టిక్ మెషిన్‌లో ఆర్క్ లేనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉండవచ్చు. పొడిచేతికి అది పెద్దగా తెలియకపోవచ్చు. చెమటతో తడిసిన చొక్కా, తడి నేల, ఇనుప పైపుల మీద కూర్చున్న ఒళ్లు కలిస్తే ప్రాణం తీయగలదు. తోలు చేతొడుగులు తడిస్తే మార్చండి, కింద పొడి చెక్క వేసుకుని నిలబడండి. బట్టలు మందపాటి నూలువే ఉండాలి. నైలాన్, పాలిస్టర్ గుడ్డలు రవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. చెప్పులతో చేయవద్దు. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి ఎక్కడైనా పొగ లేస్తోందేమో చూడండి, ముఖ్యంగా కారు సీట్ల కింద, గోనెసంచుల దగ్గర.

బడికి వెళ్లినట్టు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఐటీఐలలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు ఉంది, ఎనిమిదో తరగతి పాసైనవాళ్లు చేరవచ్చు. అంత తీరిక లేనివాళ్లు ఊళ్లోని మంచి వెల్డర్‌ను అడిగి, ఆయన సమయానికి తగిన డబ్బు ఇచ్చి, కొన్ని ఆదివారాలు పక్కన కూర్చోండి. పుస్తకం చెప్పలేని సంగతులు ఆయన మణికట్టు చూస్తే తెలుస్తాయి.

స్టిక్కో మిగ్గో ఏది తెచ్చుకున్నా మొదటి పని మాత్రం ఇదే చేయండి. తుక్కు దుకాణంలో 3 మి.మీ. పట్టీ ముక్కలు కొనుక్కోండి. ఒకదాని మీద ఇంకొకటి నిలువుగా పెట్టి ఒక్క వైపునే అతకండి. చల్లారాక బల్లకు బిగించి, నిలువు ముక్కను అతుకు ఉన్న వైపుకే వంగేలా సుత్తితో కొట్టండి. ముక్క వంగిపోయినా అతుకు నిలిస్తే మీ చెయ్యి కుదిరింది. అతుకు తెగితే లోపల చూడండి. రంధ్రాలుంటే గ్యాసో తేమో కారణం, నల్లటి స్లాగ్ ఉంటే శుభ్రత చాలలేదు, కింది ముక్క కరిగిన జాడే లేకుండా నున్నగా ఉంటే కరెంటు చాలలేదు. కరెంటు మార్చి మళ్లీ అతకండి, మళ్లీ విరవండి. ఈ పరీక్షలో అతుకు వరసగా నిలిచేదాకా గేటు మీద గానీ, మనుషులు ఎక్కే బండి మీద గానీ వెల్డింగ్ చేయకండి.